రాజమహల్ కొలువులో ఇటలీ కుంచె

తిరుపతికి పన్నెండు కిలోమీటర్ల దూరంలో, చంద్రగిరి కోటలో, కొండ కింద ఉన్న మూడంతస్తుల రాజమహలే మన మ్యూజియం. కేంద్ర పురావస్తు శాఖ 1988-89లో దీన్ని ఏర్పాటు చేసింది. గుడిమల్లం, గండికోట, యాగంటి వంటి చోట్ల దొరికిన శిల్పాలు ఇక్కడికి చేరాయి.

ఇక్కడ ముందు చూడాల్సింది మేడనే. రాయి, ఇటుక, సున్నంతో కట్టారు, కలప వాడలేదు. బరువంతా మందపాటి స్తంభాల మీద, కమానుల మీద నిలిచింది. కింద నుంచి చూస్తే సుల్తానుల కట్టడాల్లో కనిపించే కోసు కమానులు వరుసగా ఉంటాయి. తలెత్తితే గుడి విమానాల్లాంటి శిఖరాలు. 1565లో తళ్లికోట దగ్గర సుల్తానుల చేతిలో ఓడినా, ఆ కట్టడపు తీరును మన విజయనగర రాజులు వదులుకోలేదు. మంచిదనిపిస్తే ఎవరిదైనా తెచ్చుకున్నారు.

ఆ గుణమే బొమ్మల విషయంలోనూ కనబడుతుంది. రెండో వెంకటపతిరాయలు (1586-1614) పెనుకొండ నుంచి రాజధానిని చంద్రగిరికి మార్చాడు. 1598లో జెసూట్ పాదరీలు ఆయన కొలువుకు వచ్చారు. మతం మాట ఎలా ఉన్నా, రాయలకు వాళ్ల చిత్రాల మీద మక్కువ కలిగింది. దాంతో 1607 ప్రాంతంలో బర్తలోమియో ఫొంతెబోనా అనే ఇటలీ చిత్రకారుడు ఆయన ఆస్థానంలో చేరాడు. ఇటలీలో కరవాజో అనే చిత్రకారుడు వెలుగునీడలతో కొత్త దారి తొక్కుతున్న రోజులవి. అదే కాలంలో ఆ దేశపు కుంచె ఒకటి మన సీమ రాజు కోసం పనిచేసింది.

ఆ బొమ్మలేవీ ఈ గదుల్లో లేవు. రాయీ లోహమూ నిలిచాయి. తిరుమల గుడిలోని శ్రీకృష్ణదేవరాయల, వెంకటపతిరాయల విగ్రహాలకు చేసిన నకళ్లు ఇక్కడ ఉన్నాయి. కోట నమూనా దగ్గరికి వచ్చేసరికి పిల్లలు ఒకళ్లనొకళ్లు తోసుకుంటూ, మహల్ ఎక్కడ, కోనేరు ఎక్కడ అని వేలు పెట్టి చూపిస్తారు.

చంద్రగిరి పేరెత్తితే, మద్రాసు స్థలాన్ని ఇంగ్లీషువాళ్లకు రాసిచ్చిన 1639 నాటి ముచ్చటే అందరూ చెబుతారు. భూమి పోయిన కథతో పాటు కళ వచ్చిన కథ కూడా ఈ కోటదే. పిల్లల్ని వెంటబెట్టుకొచ్చే మాస్టార్లు వెంకటపతిరాయల విగ్రహం ముందు ఆగినప్పుడు ఫొంతెబోనా పేరు కూడా చెప్పాలి. శుక్రవారం మాత్రం రావద్దు, మ్యూజియానికి ఆ రోజు సెలవు.