వసీయత్: వ్రాయుట, సరిచూచుట

వసీయత్ చేయదగిన ఆస్తి గలవాడు దానిని వ్రాసిపెట్టకుండా రెండు రాత్రులైనా గడపరాదని దైవప్రవక్త (స) హెచ్చరించినట్లు హజ్రత్ అబ్దుల్లా బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించారు. అయితే ఒకసారి వ్రాసి పెట్టెలో దాచినంత మాత్రాన బాధ్యత తీరదు.

తుది హజ్ సందర్భంగా మక్కాలో హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) తీవ్రంగా జబ్బుపడ్డారు. అప్పటికి ఆయనకు సంతానం ఒక్క కుమార్తె. ఆస్తిలో మూడింట రెండు వంతులు దానం చేయదలచగా దైవప్రవక్త (స) వారించి, మూడవ వంతుకు అనుమతిస్తూ అదీ ఎక్కువేనన్నారు. సఅద్ (రజి) కోలుకొని, నాలుగు దశాబ్దాలకు పైగా జీవించారు. మరెందరో బిడ్డలు కలిగారు. రోగశయ్యపై వేసుకున్న లెక్క ఆయన కాలంలోనే మారిపోయినది. మరణం వరకు వసీయత్‌ను మార్చుకొనే హక్కు షరీఅత్ ఎందుకిచ్చినదో ఇక్కడ బోధపడుతుంది.

వారసులే కాదు, ఆస్తి కూడా మారుతుంది. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల చరిత్రే ఇందుకు సాక్ష్యం. నిజాం పాలనలో జాగీర్దారు మరణిస్తే వారసునికి ప్రభుత్వం తిరిగి మంజూరు చేయవలసినదే. కనుక జాగీరు వసీయత్‌కు లోబడే ఆస్తి కాదు. 1949లో జాగీర్లే రద్దయినవి. 1963లో శంకుస్థాపన జరిగిన పోచంపాడు జలాశయంలో నిర్మల్ వైపు, ఆ తరువాత దిగువ మానేరు జలాశయంలో కరీంనగర్ వైపు భూములు మునిగినవి. ఫలానా పొలం మసీదుకు చెందాలని వ్రాసినవాడు, పొలం పోయి పరిహారం చేతికందిన పిమ్మట పత్రం తిరగవ్రాయకపోతే, ఆ వసీయత్ నిలవడానికి వస్తువే లేదు. ఆస్తిలో ఇంత వంతు అని వ్రాసినచో, మరణించే నాటికి ఉన్నదానికి అది వర్తిస్తుంది.

ఈ జిల్లాల నుండి వేలాదిమంది గల్ఫ్ దేశాలకు వలసపోయారు. అక్కడ ఒక కుమారుడు తండ్రి కంటే ముందే మరణిస్తే, బ్రతికివున్న అతని సోదరుల ఎదుట అతని పిల్లలకు తాత ఆస్తిలో వారసత్వ వాటా రాదు. వారసులు కానందున, వారికి మూడవ వంతులోపు వసీయత్ చేసే దారి తాతకు తెరచియే ఉన్నది. ఈజిప్టులో 1946 నాటి చట్టం ఇటువంటి మనుమలకు వసీయత్‌ను తప్పనిసరి చేసినది. మన దేశంలో అట్టి చట్టం లేదు. ఆ తాత పాత కాగితమే చాలుననుకొంటే అనాథలకు మిగిలేది పినతండ్రుల దయ మాత్రమే.

అంత్యక్రియల ఖర్చు, తరువాత అప్పులు, ఆ పిమ్మట వసీయత్, చివరకు వారసుల వాటాలు: ఇది క్రమం. కనుక అప్పు చేసిననాడు, భూమి అమ్మిననాడు, ఇంట బిడ్డ పుట్టిననాడు, ఒకరు కన్నుమూసిననాడు వసీయత్‌ను సాక్షుల ఎదుట సరిచూచుకొనుట విశ్వాసి ధర్మం.