వెండి భరిణ, బంగారు కాసు

బంగారు కాసుల నుంచుకొనుటకై ఇంగ్లండులో చేసిన చిన్న వెండి భరిణలను నేడు ప్రాచీన వస్తుప్రియులు వెదకి సేకరించుచున్నారు. గడియారపు గొలుసునకు తగిలించుకొను ఈ గుండ్రని భరిణలో ఒక చిన్న పలక, దాని క్రింద స్ప్రింగు ఉండును. పై కాసును వ్రేలితో ప్రక్కకు జరపి తీయగానే క్రింది కాసు పైకి వచ్చును. కొన్నిటిలో సవరనుకొక గది, అరసవరనుకొక గది కలవు. లంగరు ముద్ర యున్నచో అది బర్మింగుహాములో పరీక్షించిన వెండి. ప్రక్కనున్న అక్షరము సంవత్సరమును తెలుపును.

ఈ భరిణకు చెలామణియే ప్రాణము. 1817లో కొత్తగా వెలువడిన సవరను 22 కారట్ల బంగారము, ఇంచుమించు 8 గ్రాముల తూకము. 1914లో మహాయుద్ధము రాగానే దాని స్థానమున కాగితపు నోట్లు వచ్చెను; భరిణ వట్టిదయ్యెను.

ఆ సవరను మన దేశమునను 1899లో 15 రూపాయలకు చెల్లు నాణెమాయెను. 1918లో బొంబాయిలోనే ముద్రింపబడెను. కాని అనంతపురము వంటి మెట్టసీమలో దానికి వెండి భరిణ యేల? వాన నమ్మరాని చోట బంగారము చేతులు మారుటకు గాక, దాచుటకే పనికివచ్చును. కాసులను పేరుగా గ్రుచ్చి స్త్రీల మెడలో వేసిరి. మా సీమకు స్త్రీ కంఠమే భరిణ.

ఆ భరిణను తెరచు అధికార మెవ్వరిది? కరవున, ధర్మకార్యమున, వ్యాధిలో, నిర్బంధములో భర్త తీసికొనిన స్త్రీధనమును మరల ఈయనక్కరలేదని యాజ్ఞవల్క్యస్మృతి చెప్పుచున్నది. కరవు అరుదైన చోట ఇది మినహాయింపు. కరవే అలవాటైన చోట ఇదియే విధి. 1876-78 కరవునాటికి అనంతపురము బళ్లారి జిల్లాలోని భాగము. ఆనాడు జనులు నగలమ్ముకొని ప్రాణములు నిలుపుకొనిరి. ప్రాణరక్షణను మేము తప్పుపట్టము. కాని వాన కురిసిన పిమ్మట పొలము పురుషుని పేరనే నిలిచినది. మెడ బోసిపోయిన ఇల్లాలికి బాకీ యున్నదని ఏ యింటి చిట్టాలో వ్రాసికొనిరి?

స్త్రీ స్వాధీనమందున్న ఆస్తి సంపూర్ణముగా ఆమెదే యని 1956 నాటి హిందూ వారసత్వ చట్టము శాసించినది. స్త్రీధనమున కామెయే యజమానురాలని 1985లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. అయినను బోరుబావికి, విత్తనములకు, కుమారుని చదువునకు మెడలోని బంగారము తాకట్టునకు పోవునప్పుడు ఆమె నడుగువా రెందరు?

వట్టి భరిణను కొనువాడు సైతము ముద్ర చూచి, ఏ యేటిదో, ఎక్కడిదో విచారించి వ్రాసికొనును. నిండు కాసు విషయమున గృహస్థుల కంతమాత్రపు శ్రద్ధ యుండవలదా? ఆమె సమ్మతి నడిగి తీసికొనుడు. తూకమును, తిథిని చిట్టాలో ఆమె పేర అప్పుగా వ్రాయుడు. పంట చేతికి రాగానే ముందుగా ఆ అప్పు తీర్చుడు. ఇదియే మా మనవి.