రాయే సున్నం, సున్నమే గోడ

విక్టోరియా రాణి ఏలుబడిలో పల్నాటి రాయి రెండు దారులు పట్టింది. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన శిల్పాలు ముందు మద్రాసు చేరాయి. 1859లో లండన్ వెళ్ళాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియానికి దక్కాయి. ఆ శిల్పాల రాయిని పండితులు పల్నాటి సున్నపురాయి అంటారు. అదే రోజుల్లో మా పల్నాటి ఊళ్ళల్లో అదే జాతి రాయి గోడలుగా, మిద్దెలుగా లేస్తోంది. మొదటి దారి గురించి పెద్దపెద్ద పుస్తకాలొచ్చాయి. రెండో దారి గురించి చెప్పాల్సింది మేమే. మా తాత, మా నాన్న తాపీమేస్త్రీలు. నేను బళ్ళో చరిత్ర పాఠాలు చెప్పాను. ఈ ఇళ్ళను నేను రెండు కళ్ళతోనూ చూశాను.

మల్రాజు జమీందారుల కాలంలో అట్లూరు నరసరావుపేట అయింది. జమీందార్ల కోటల సంగతి అలా ఉంచి, కాస్త కలిగిన రైతులూ వర్తకులూ కట్టుకున్న ఇళ్ళ గురించే చెబుతాను. మా నేల కింద సున్నపురాయి పొరలు పొరలుగా ఉంటుంది. పొర సందు చూసి గునపం దించితే బండ నిలువునా పగలదు, పలకగా లేస్తుంది. అదే నాపరాయి. ఇంటికి అడుగున పరుపు అదే, మెట్టు అదే, గోడలో అలమర పలక అదే. దూలాల మీద పరిస్తే మిద్దె కూడా అదే. మిగిలిన పలకలు చేను చుట్టూ దడిగా నిలబడేవి.

రెంటచింతల ఎండ తెలిసినవాళ్ళకు ఈ ఇళ్ళ తీరు ఇట్టే అర్థమవుతుంది. వీధివైపు అరుగులు, తలవాకిలి దాటితే నడవ, నడిమధ్య ఆకాశం కనిపించే మండువా, దాని చుట్టూ వసారా, లోపల పడమటిల్లు, వెనక వంటిల్లు, పెరట్లో గొడ్ల చావిడి. గోడ మందం తక్కువలో తక్కువ రెండడుగులు. పగటి వేడి ఆ మందంలో ఇంకి లోపలికి దిగేసరికి పొద్దుగూకుతుంది. గదుల్లో వేడెక్కిన గాలి మండువాలోంచి పైకి పోతుంది. ఆ కాలపు లండన్ ఇల్లు వేడిని లోపల నిలుపుకోవడానికి గదిగదికీ పొయ్యి, తెరలు, తివాచీలు పెట్టుకుంది. మా ఇంటి లెక్క దానికి పూర్తిగా తలకిందులు.

గోడను నిలబెట్టేది మాత్రం సున్నం. సున్నపురాయిని బట్టీలో కాలుస్తారు. కాలిన రాయి మీద నీళ్ళు పోస్తే బుసబుసమని పొంగి పిండవుతుంది. గుండ్రటి రాతి కాలువలో ఆ సున్నం, ఇసుక వేసి, ఎద్దులు తిప్పే గానుగ రాయితో వెన్నలా మెత్తబడేదాకా నూరుతారు. కరక్కాయలు, బెల్లం నానేసిన నీళ్ళు కలుపుతారు. పైపూత పూశాక, తడి పూర్తిగా ఆరకముందే నున్నటి గులకరాయితో గంటల తరబడి రుద్దుతారు. మా నాన్న రుద్దిన గోడలో ఎదుట నిలబడ్డ మనిషి నీడ కనిపించేది. గోడకెక్కిన సున్నం గాల్లోని బొగ్గుపులుసు గాలిని పీల్చుకుని ఏళ్ళ మీద మళ్ళీ సున్నపురాయే అవుతుంది. సున్నపు గోడ పాతబడేకొద్దీ గట్టిపడేది ఇందుకే.

అలంకారంలో సగం గోడలోనే పుట్టేది. తలవాకిలికి రెండు పక్కలా దీపపు గూళ్ళు ఉండేవి. మా అమ్మమ్మగారింట్లో గూటికి పైన కోసుగా వంపు, వంపు కొసన వేలెడంత సున్నపు తామరమొగ్గ ఉండేవి. ప్రమిద మసికి మొగ్గ నల్లబడితే ఏటా సంక్రాంతి ముందు సున్నం కొట్టేవాళ్ళు. అలా పూత మీద పూత పడి మొగ్గ లావెక్కింది. ద్వారబంధానికి చిలకలు, తీగలు, నడుమ పూర్ణకుంభం చెక్కి ఉండేవి. గడపకు పసుపు, లోపల గోడలకు చిలక్కొయ్యలు.

తక్కిన సగం బయటినుంచి వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవులకు సర్కారు హద్దులు పడ్డాయి. కలిగినవాళ్ళు దూలాలకూ తలుపులకూ రంగూన్ టేకు తెప్పించుకున్నారు. 1865లో బాసెల్ మిషన్ వాళ్ళు మొదలుపెట్టిన మంగుళూరు పెంకు, పోనుపోను మండువా చుట్టూ ఉన్న గూనపెంకును తోసేసింది. 1894లో రవివర్మ అచ్చుయంత్రం బొంబాయిలో నడిచాక లక్ష్మీ సరస్వతులు పటాలుగా వచ్చి, వసారా గోడకు ముందుకు వంగి నిలబడ్డారు. పక్కన గోడ గడియారం, నిలువుటద్దం చేరాయి. ఎన్ని చేరినా గోడను కప్పేసేంతగా ఎవరూ నింపలేదు. నున్నటి తెల్లగోడే ఇంటి గొప్ప.

1958లో మాచర్లలో కె.సి.పి. సిమెంటు ఫ్యాక్టరీ వచ్చింది. మా సున్నపురాయికి అది మూడో దారి. నాగార్జునసాగర్ కుడికాలువ నీళ్ళు పారాక చేతిలో డబ్బాడింది, పిల్లర్ల మిద్దెలు లేచాయి. కొత్త ఇల్లు కట్టుకోవడం తప్పు కాదు. బాధంతా పాత ఇంటికి సిమెంటు పూత వేయడం దగ్గరే. నేలలోంచి పైకెక్కిన చెమ్మను సున్నపు గోడ బయటికి వదులుతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. కొన్నేళ్ళకు లోపలి సున్నం పిండిలా రాలుతుంది. అప్పుడు ఇల్లు చెడిందని పడగొడతారు. చెడగొట్టింది ఆ పూతే.

పిడుగురాళ్ళలో బట్టీలు ఈనాటికీ మండుతున్నాయి. సున్నానికి కొదవ లేదు, నూరి పూసే చేతులే తగ్గిపోతున్నాయి. నరసరావుపేటలో సివిల్ ఇంజినీరింగు చదివే పిల్లలు ఏటా ఒక్క ఊరు పట్టుకుని మిగిలిన మండువా ఇళ్ళను కొలిచి, పటం గీసి పెట్టాలి. గానుగ సున్నం కలిపిన మేస్త్రి ఒక్కడు దొరికినా కూలి ఇచ్చి, పక్కన నిలబడి ఆ పని నేర్చుకోవాలి. లండన్ చేరిన పల్నాటి రాయిని కాపాడటానికి ఒక మ్యూజియం ఉంది. పల్నాట్లోనే ఉండిపోయిన రాయికి మనం తప్ప దిక్కు లేదు.