తండ్రి దరువు.. తనయుడి బాణీ

మద్రాసులో రికార్డింగ్ థియేటర్. సంగీత దర్శకుడు చక్రవర్తి వాద్యబృందం సిద్ధంగా ఉంది. గాయకుడికి ఎడంగా, డ్రమ్స్ ముందు ఘంటసాల శివకుమార్. ఎర్రదీపం వెలిగింది. పల్లవి, చరణం, మళ్లీ పల్లవి. ‘టేక్ ఓకే’ అనగానే తర్వాతి పాటకు పిలుపు. రేపు ఆ పాట ఊరూరా మోగుతుంది. రాసిందెవరో, పాడిందెవరో జనానికి తెలుస్తుంది. కాళ్లు కదిలించిన దరువు ఎవరిదని మాత్రం ఎవరూ అడగరు.

వందలాది పాటలకు అలా వాయించిన శివకుమార్‌కు 1983 నవంబరు 16న కొడుకు పుట్టాడు. పేరు సాయి శ్రీనివాస్. మనకు తెలిసిన ఎస్.ఎస్. తమన్. తాత ఘంటసాల బలరామయ్య, 1944లో ‘శ్రీ సీతారామ జననం’తో అక్కినేని నాగేశ్వరరావును కథానాయకుణ్ని చేసిన దర్శకుడు. తల్లి సావిత్రి గాయని.

ఇంత కళ ఉన్న ఇంట్లో పిడుగు పడింది. తమన్ చిన్నతనంలోనే తండ్రి కన్నుమూశారు. చేతికొచ్చిన బీమా సొమ్ము తప్ప వేరే ఆసరా లేదు. ఆ డబ్బుతో తల్లి కొడుక్కి డ్రమ్స్ కొనిచ్చింది. ఈ మాట తమనే పలుమార్లు చెప్పుకున్నారు. ఇల్లు గడవడమే కష్టమైన వేళ ఆ తల్లి చూపిన ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి.

బడిపిల్లాడు రికార్డింగ్ థియేటర్‌లో అడుగుపెట్టాడు. 1994లో విడుదలైన బాలకృష్ణ చిత్రం ‘భైరవద్వీపం’కి వాయించాడు. తర్వాత మణిశర్మ దగ్గర కీబోర్డు ప్రోగ్రామింగ్. పాట ఎలా పుడుతుందో, ఎక్కడ ఊపిరి పీల్చుకుంటుందో అక్కడే పట్టుబడింది.

2003లో శంకర్ ‘బాయ్స్’ తీశారు. కుర్రాళ్ల రాక్ బ్యాండ్‌లో డ్రమ్మర్ పాత్ర తమన్‌ది. తెర మీద గుర్తింపు వచ్చినా నటనలో స్థిరపడలేదు. తిరిగి స్టూడియో దారే పట్టారు. 2009లో రవితేజ ‘కిక్’తో ఆయన బాణీలు తెలుగునాట హోరెత్తాయి. ‘దూకుడు’, ‘రేసుగుర్రం’ వరుస కట్టాయి. బాలవాద్యకారుడిగా బాలకృష్ణ చిత్రానికి వాయించినవాడే 2021లో అదే హీరో ‘అఖండ’కు సంగీతం కట్టారు. 2025లో శంకర్ ‘గేమ్ ఛేంజర్’కూ ఆయనే సంగీత దర్శకుడు.

‘అంతా మోతే’ అన్న విమర్శ ఆయన్ను వదల్లేదు. మోతను చులకన చేస్తే మన నేలనే చులకన చేసినట్టు. సూర్యాపేట పక్కన దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలో భేరీలు మోగితే ‘ఓ లింగా’ అంటూ కదలని అడుగు ఉండదు. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటకు జానపద కళాకారుడు దర్శనం మొగిలయ్య గొంతునూ, ఆయన పన్నెండు మెట్ల కిన్నెరనూ తెచ్చుకున్న తమన్‌కు ఆ బలం తెలుసు.

ఇక విమర్శకు జవాబు 2022 సెప్టెంబరు 30న ఢిల్లీలో దొరికింది. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము చేతుల మీదుగా ‘అల వైకుంఠపురములో’ చిత్రానికి తమన్ జాతీయ అవార్డు అందుకున్నారు. అది నేపథ్య సంగీతానికి కాదు, పాటలకు ఇచ్చినది. దరువు తెలిసినవాడికి రాగం తెలియదన్న అపోహ ఆ రోజుతో చెల్లిపోయింది.

తమన్ పేరు పోస్టర్ మీదికి ఎక్కింది. శివకుమార్ లాంటి వారి పేర్లు ఇంకా ఎక్కాలి. పాత పాటలను మళ్లీ విడుదల చేసే ప్రతి సంస్థా వాయించినవారి పేర్లు వెతికి అచ్చువేయాలి. అది దయ కాదు, వాళ్లకు మనం పడ్డ బాకీ.