మిత్రుని చేతికి ఆయుధం: ఖర్దా యుద్ధం చెప్పే పాఠం

 

మన కృష్ణానగర్‌లో ఆయుధాలకు కొదవ లేదు. షూటింగులకు వెళ్లే చెక్క కత్తులు, డమ్మీ తుపాకులు మన కళ్లముందే ఆటోల్లో పోతుంటాయి. పని ముగిశాక అవి తిరిగి వస్తాయి. వాటివల్ల ఏ తల్లికీ గర్భశోకం కలగదు. అయితే ఇదే నగరంలో నిజమైన ఆయుధాలు కూడా తయారవుతున్నాయి. ఐటీఐ చదివిన మన పిల్లలు కొందరు ఆ పనులకు వెళ్తున్నారు. వారిలో ఒకరు మమ్మల్ని అడిగారు: “హజ్రత్, యుద్ధంలో ఉన్న మిత్రదేశానికి ఆయుధం అమ్మవచ్చునా?”

ఇస్లాం ఆయుధ వృత్తిని నిషేధించలేదు. హజ్రత్ ఖబ్బాబ్ బిన్ అరత్ (రజి) మక్కాలో కత్తులు చేసిన కమ్మరి. హిజ్రీ 8లో హునైన్ యుద్ధానికి ముందు దైవప్రవక్త (స) సఫ్వాన్ బిన్ ఉమయ్యా వద్ద కవచాలు ఎరువు తీసుకున్నారు. సఫ్వాన్ అప్పటికింకా ఇస్లాం స్వీకరించలేదు. బలవంతంగా కాక, తిరిగి ఇచ్చే పూచీతోనే ఆ కవచాలను తీసుకున్నారు. అయితే ఫిత్నా రేపేవారని తెలిసినవారికి ఆయుధం అమ్మడం మక్రూహ్ అని, తెలియనప్పుడు ఆక్షేపణ లేదని హనఫీ ధర్మవేత్తలు నిర్ణయించారు. ఇక్కడ కీలకమైన మాట ‘తెలిసి’ అన్నదే.

ఇక మన దక్కన్ చరిత్ర చూద్దాం. 1790లో ఈస్టిండియా కంపెనీ, పీష్వా, నిజాం అలీ ఖాన్ కలిసి టిప్పు సుల్తాన్‌కు వ్యతిరేకంగా ఒప్పందం చేసుకున్నారు. ఐదేళ్లకు ఆ మిత్రులలో ఇద్దరే పరస్పరం తలపడ్డారు. నిజాం కంపెనీ సాయం కోరాడు. గవర్నర్ జనరల్ సర్ జాన్ షోర్ తటస్థంగా ఉండిపోయాడు. నిజాం కొలువులోనే ఉన్న రెండు ఇంగ్లీషు పటాలాలను సైతం మరాఠాలపైకి పంపనివ్వలేదు. 1795 మార్చిలో ఖర్దా వద్ద నిజాం ఓడి, మూడు కోట్ల రూపాయలు, దౌలతాబాద్ కోట సహా భూములు ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. మంత్రి అరస్తూ జాహ్‌ను బందీగా అప్పగించాడు.

మిత్రుడు ముఖం చాటేయగా నిజాం ఫ్రెంచి సేనాని రేమండ్‌పై మరింతగా ఆధారపడ్డాడు. ఫతే మైదాన్ దగ్గర ఫిరంగులు పోతపోసిన ‘తోప్ కా సాంచా’ రేమండ్ కాలం నాటిదే. గన్‌ఫౌండ్రీ అన్న పేరు అలా వచ్చింది. రేమండ్ దళం సుమారు 14,000 మందికి పెరిగింది. అది చూసి కంపెనీ భయపడింది. 1798 సెప్టెంబరు 1న వెల్లెస్లీ నిజాంతో కొత్త సంధి కుదుర్చుకున్నాడు. అక్టోబరు 22న ఫ్రెంచి దళాన్ని యుద్ధం లేకుండానే నిరాయుధం చేశారు. మరుసటి ఏడాది మే 4న శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ అమరుడైనప్పుడు, హైదరాబాద్ సేన కంపెనీ పక్షాన నిలిచి ఉంది. ప్రతిఫలంగా దక్కిన భూములు కూడా నిలవలేదు. కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800లో వాటిని కంపెనీకే ఇచ్చేయవలసి వచ్చింది. రాయలసీమను దత్త మండలాలు అన్నది అందుకే.

ఈ చరిత్రలో రెండు తప్పులు కనిపిస్తున్నాయి. ఆపదలో ఉన్న మిత్రుణ్ణి వదిలేయడం ఒకటి. మిత్రుడు ఎవరిపై దండెత్తుతున్నా అడగకుండా వెంట నడవడం రెండవది. మొదటి తప్పు చిన్నదేమీ కాదు. 1991లో ఐక్యరాజ్యసమితి యుగొస్లావియా అంతటికీ ఆయుధాలు నిషేధించగా, సెర్బుల చేతిలో సైన్యపు ఆయుధాలు ఉండనే ఉన్నాయి. బోస్నియా ముస్లిముల చేతులు మాత్రం ఖాళీగా మిగిలాయి. అంటే ఆయుధం ఇవ్వకపోవడం కూడా ఒక్కోసారి జుల్మే అవుతుంది.

నేటి ప్రశ్న రెండవ తప్పుకు సంబంధించినది. 1999లో కార్గిల్ యుద్ధ సమయాన ఇజ్రాయెల్ మన దేశానికి ఆయుధ సాయం చేసింది. ఆ మేలును కాదనడం న్యాయం కాదు. 2018 డిసెంబరులో ఇజ్రాయెల్ సంస్థ ఎల్బిట్‌తో కలిసి అదానీ సంస్థ హైదరాబాద్‌లో డ్రోన్ల కర్మాగారం తెరిచింది. అక్కడి డ్రోన్లు ఇజ్రాయెల్‌కు చేరాయని 2024 ఫిబ్రవరిలో పత్రికలు రాశాయి. అప్పటికే గాజాలో వేలాది పసిపిల్లలు మట్టిలో కలిసిపోయారు. ఆ ఎగుమతులు ఆపాలని కొందరు పౌరులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. విదేశాంగ విధానం ప్రభుత్వ పరిధిలోనిదంటూ న్యాయస్థానం 2024 సెప్టెంబరు 9న ఆ పిటిషన్‌ను కొట్టివేసింది.

తీర్పును గౌరవిద్దాం. కానీ చట్టం ప్రభుత్వానికి వదిలిన నిర్ణయం గురించి ప్రభుత్వాన్ని అడిగే హక్కు పౌరులకు మిగిలే ఉంది. మిత్రుని మేలుకు కృతజ్ఞత చూపాలి, నిజమే. ఆ కృతజ్ఞతను మూడవవాని బిడ్డల రక్తంతో చెల్లించకూడదు. పుణ్యకార్యాలలో పరస్పరం సహకరించుకోవాలని, పాపంలో, దౌర్జన్యంలో సహకరించుకోరాదని దివ్య ఖుర్ఆన్ మాయిదా సూరా రెండవ ఆయతులో ఆదేశించింది. దౌర్జన్యం చేసే సోదరునికి సాయపడటమంటే అతని చేయి పట్టి ఆపడమేనని దైవప్రవక్త (స) బోధించారు. స్నేహానికి ఇంతకన్నా మంచి కొలబద్ద మనకు దొరకదు.

ఆ యువకునికి మేము ఇదే చెప్పాము: “బాబూ, అనుమానంతో నీ కూలిని హరాం చేసుకోకు. నీ చేతి పని ఎక్కడికి పోతుందో మర్యాదగా అడుగు. అది అమాయకులపై పడుతుందని రూఢిగా తెలిస్తే మరో పని వెతుక్కో. అన్నదాత అల్లాహ్.” ఇంట్లో సంపాదించేది అతనొక్కడే. ఆ మాట చెప్పడం తేలిక, పాటించడం కష్టమని మాకు తెలుసు. అటువంటి వానికి పని చూపించే బాధ్యత ఈ జమాఅత్‌లో ప్రతి ఒక్కరిదీ.

యా అల్లాహ్! పీడితులకు రక్షణ కల్పించు. మా దేశ పాలకులకు న్యాయబుద్ధిని, మా చేతులకు హలాల్ పనిని ప్రసాదించు. ఆమీన్.