అమరావతి చర్మకారుని రాయి

కృష్ణ ఒడ్డున అమరావతిలో పూర్వము గొప్ప బౌద్ధ స్తూపముండెను. స్తూపమనగా బుద్ధుని అస్థికలవంటి వాటిపై కట్టిన గుండ్రని కట్టడము. సుమారు రెండువేల యేండ్ల క్రిందట విధికుడను నొకడు దానికొక రాతిపలక నిచ్చెను. ఆ పలకమీద నిండు కుండ చెక్కబడినది. ఇచ్చినవారెవరో ప్రాకృత భాషలో వ్రాయబడినది. విధికుడు, అతని తల్లి, భార్య, అన్నదమ్ములు, నాగుడను కుమారుడు, కుమార్తెలు, చుట్టములు, స్నేహితులు. వారు చర్మకారుల ఇంటివారు, అనగా తోలుపనివారు.

ఈ సంగతి మొదట చదివిన దినమున నేను పుస్తకము మూసి చాలసేపు ఊరకుంటిని. తోలుపనివాని చూచి జనులు తొలగిపోయిన కాలము మీ పెద్దలెరుగుదురు. ఈ మనుష్యుడైతే తన వృత్తిని దాచుకొనక, తల్లితోను బిడ్డలతోను కలిసి, అందరు చూచుచోట చెక్కించుకొనెను. అతడు విన్న బోధ యేమై యుండును?

బుద్ధుడు తాను దేవుడనని చెప్పుకొనలేదు. నేడు నేపాళములోనున్న లుంబినిలో శాక్యుల వంశమున పుట్టిన గౌతముడాయన. 29వ యేట భార్యను, పసివానిని విడిచి ఇల్లు వెడలెను. ఆరేండ్లు కఠిన తపస్సుతో ఒడలు కృశింపజేసికొని, అది దారి కాదని మానెను. గయ దగ్గర రావిచెట్టు క్రింద జ్ఞానము పొందెను. కాశీ సమీపమున సారనాథులో మొదటి బోధ చేసి, 45 సంవత్సరములు ఊరూర తిరిగి, జనుల వాడుక భాషలోనే చెప్పి, 80వ యేట కుశీనగరములో కన్నుమూసెను.

ఆ బోధ దుఃఖముతో మొదలగును. కిసాగోతమి యను తల్లి చచ్చిన బిడ్డను చంకనెత్తుకొని మందు కొరకు ఆయనయొద్దకు వచ్చినదట. చావు ఎరుగని ఇంటినుండి గుప్పెడు ఆవాలు తెమ్మని ఆయన పంపెను. ఆవాలు ప్రతి ఇంటను ఉన్నవి. చావులేని ఇల్లు మాత్రము లేదు. ఆమె తిరిగి తిరిగి, బిడ్డను శ్మశానమున విడిచి, ఉత్తచేతులతో వచ్చెను. సమాధుల దొడ్డిలో తల్లుల ప్రక్క ముప్పది యేండ్లు నిలిచిన నాకు ఈ కథ పరాయిదిగా తోచదు.

పిమ్మట ఆయన వైద్యునివలె మాటలాడును. రోగమున్నది: అదే దుఃఖము. దానికి మూలము తృష్ణ, అనగా ఎంత త్రాగినను తీరని దాహమువంటి ఆశ. ఆ ఆశ ఆరిన దుఃఖమును ఆరును. చమురు అయిపోయిన దీపమువలె ఆరుటను వారు నిర్వాణమందురు. అందుకు మార్గము ఎనిమిది అంగములది. సరియైన దృష్టి, సంకల్పము, మాట, నడత, జీవనోపాధి, ప్రయత్నము, మెలకువ, ధ్యానము. జీవనోపాధి యనగా ఆయుధములు, మత్తు పానీయములు, విషము, మనుష్యులు మొదలగువాని నమ్మి బ్రతుకకుండుట. గృహస్థులకు ఐదు నియమములు: ప్రాణము తీయకుము, దొంగిలకుము, వ్యభిచరింపకుము, అబద్ధమాడకుము, మత్తు త్రాగకుము. మన పిల్లలు బడిలో వల్లించు ఆజ్ఞలు కొన్ని ఇచ్చట మీకు గుర్తుకు వచ్చును. అయితే సృష్టికర్తను గూర్చి ఆయన బోధింపలేదు. మన త్రోవ వేరగుచోటు అదియే. దానిని దాచనక్కరలేదు, దానికై ఎగతాళియు చేయనక్కరలేదు.

కులము మాట చెప్పెదను. శాక్య కుమారులు కొందరు సన్న్యసింప వచ్చినప్పుడు, తమకు క్షౌరము చేయు ఉపాలిని ముందుగా చేర్చుకొమ్మని తామే వేడిరి. పిమ్మట వచ్చినవారు ముందు చేరినవానికి మ్రొక్కవలెను గనుక, తమ గర్వమణగునని వారి తలంపు. 1956 అక్టోబరు 14న నాగపూరులో డాక్టరు అంబేద్కరు లక్షలాది జనముతో బౌద్ధమును స్వీకరించుటకు కారణము ఈ తట్టున వెదకవలెను. మీ పొరుగింట బుద్ధుని పటమున్న యెడల ఆ ఇంటివారిని అడిగి చూడుడు.

ఇక అమరావతి స్తూపము సంగతి. జనులు దానిని దీపాలదిన్నె యనిరి. వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు అచ్చట పట్టణము కట్టించునప్పుడు ఇటుకలకును రాళ్లకును దానిని త్రవ్విరి. 1797లో మెకంజీ దొర వచ్చి చూచెను. తరువాతి యేండ్లలో సున్నపురాయి పలకలు అనేకము సున్నపు బట్టీలలో కాలిపోయెను. మిగిలినవానిలో కొన్ని లండనుకును, కొన్ని మద్రాసుకును చేరెను.

కుండ మాత్రము నిలిచెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2018లో స్వీకరించిన రాష్ట్ర చిహ్నము నడుమ ఆ పూర్ణఘటమే యున్నది. ఈసారి సర్కారు కాగితమేదైన మీ చేతికి వచ్చినప్పుడు ఆ ముద్రను దగ్గరగా చూడుడు.