స్కాటిష్, కెల్టిక్ జానపద జీవులు: రచన, చిత్రణల చరిత్ర

స్కాట్లండ్, ఐర్లండ్ ప్రాంతాల ప్రజలు తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన అతిమానుష జీవులను గ్రంథస్థం చేసి, వాటికి బొమ్మలు గీసే సంప్రదాయం చాలా పాతది. నీటిగుర్రాలు, సీలు మనుషులు, ఇంటిపని చేసిపెట్టే బ్రౌనీలు, చావబోయేవారి బట్టలుతికే స్త్రీలు, గుట్టల్లో కాపురముండే ఫెయిరీలు ఈ కోవలోకి వస్తారు. వీటి గురించి మఠవాసులు రాశారు, న్యాయస్థానపు గుమాస్తాలు రాశారు, పల్లె పాదిరీలు, కవులు, పండితులు రాశారు. చిత్రకారులు 19వ శతాబ్దంలో పెద్ద సంఖ్యలో రంగంలోకి దిగారు. మౌఖిక కథల్లో ఈ జీవులకు పూర్తి రూపవర్ణన అరుదు. ఆనవాలు పట్టడానికి ఒకటి రెండు గుర్తులు మాత్రమే చెప్పేవారు. మిగిలిన రూపాన్ని చిత్రకారుడే కల్పించుకోవలసి వచ్చింది. ఆ కల్పనలో కథకుల మాటకు ఎంత చోటు దక్కిందన్నదే ఈ చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న.

ముఖ్యమైన జీవులు

కెల్పీ నదుల్లో, వాగుల్లో తిరిగే నీటిగుర్రం. గేలిక్ భాషలో ఎఖ్-ఉష్క అనే మరో నీటిగుర్రం సరస్సుల్లోనూ సముద్రపు పాయల్లోనూ ఉంటుంది. ఇది మరీ ప్రమాదకారి. ముచ్చటైన గుర్రంలా గట్టు మీద కనిపిస్తుంది. పిల్లలు ఒక్కొక్కరే ఎక్కుతుంటే దాని వీపు సాగుతూ పోతుంది. చేతులు దాని చర్మానికి అతుక్కుపోతాయి. అది అందరితోనూ నీళ్లలోకి దూకుతుంది. వేలు మాత్రమే అంటుకున్న కుర్రవాడు ఆ వేలు తెగ్గోసుకుని బతికి బయటపడతాడు. మర్నాడు పిల్లల కాలేయాలు ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఇదే జీవి అందగాడైన యువకుడి రూపంలో వచ్చి ఓ అమ్మాయి ఒడిలో తల పెట్టుకుని నిద్రపోతుందనీ, జుట్టులో ఇసుక, నాచు కనిపించడంతో ఆమె గుర్తుపట్టి తప్పించుకుంటుందనీ మరో కథ.

సెల్కీ సముద్రంలో సీలు, ఒడ్డున చర్మం విప్పితే మనిషి. బ్రౌనీ రాత్రిపూట ఇంటిపని, పొలంపని చేసిపెట్టి, గిన్నెడు మీగడతో తృప్తిపడుతుంది. కొత్త బట్టలు బహుమతిగా ఇస్తే మాత్రం ఇల్లు విడిచిపోతుంది. బెన్-నీయ అనే స్త్రీ రేవులో కూర్చుని, చావు దగ్గరపడిన వారి నెత్తుటి బట్టలుతుకుతుంది. కల్యఖ్ వెర్ నీలిముఖపు ముసలమ్మ, చలికాలపు అధిదేవత. ఆమె తన శాలువాను కోరీవ్రెకన్ సుడిగుండంలో ఉతుకుతుందని ప్రతీతి. లూయిస్ దీవికీ షియంట్ దీవులకూ మధ్యనున్న జలసంధిలో ఉండే నీలిమనుషులు పడవను అడ్డగించి, పద్యానికి పద్యం చెప్పలేని నావికుణ్ణి ముంచేస్తారు.

వీటన్నిటినీ కలిపి కెల్టిక్ అనడం వాడుకలో ఉన్నా, అది పూర్తిగా సరైనది కాదు. సెల్కీ కథలకు నిలయమైన ఆర్క్‌నీ, షెట్లండ్ దీవుల సంస్కృతిలో స్కాండినేవియా నుంచి వచ్చిన నార్స్ ప్రజల వారసత్వమే ఎక్కువ.

తొలి ఆధారాలు

ఉత్తర, తూర్పు స్కాట్లండ్‌లో పిక్ట్ జాతివారు సుమారు 6 నుంచి 9వ శతాబ్దం వరకు చెక్కిన రాతిఫలకాల మీద ఒక వింత జంతువు పదేపదే కనిపిస్తుంది. పొడవాటి మూతి, తల వెనక్కి వాలిన తొండం లాంటి అవయవం, కొసన చుట్టుకున్న పాదాలు దాని లక్షణాలు. పండితులు దీన్ని పిక్టిష్ మృగం అంటారు. దీనికీ నీటిగుర్రానికీ సంబంధముందని కొందరు ఊహించారు గానీ నిరూపణ కాలేదు.

రాతలో తొలి ప్రస్తావనల్లో ఒకటి అయోనా మఠాధిపతి అదమ్నాన్ 7వ శతాబ్దం చివర లాటిన్‌లో రాసిన సెయింట్ కొలంబా చరిత్రలో ఉంది. నెస్ నదిలో మనిషి మీదికి వచ్చిన జలమృగాన్ని కొలంబా శిలువ గుర్తుతో వెనక్కి పంపాడని అందులోని కథ. జీవి భయంకరమైనదని చెప్పాడే తప్ప, అదమ్నాన్ దాని రూపాన్ని వర్ణించలేదు.

తరవాతి ముఖ్య ఆధారాలు మంత్రగత్తెల విచారణల రికార్డులు. రాజు 6వ జేమ్స్ 1597లో ప్రచురించిన ‘డీమనాలజీ’ ఫెయిరీలను సైతాను మాయగా జమకట్టింది. 1662లో ఆల్డర్న్ గ్రామానికి చెందిన ఇసబెల్ గౌడీ తన వాంగ్మూలంలో, ఫెయిరీల గుట్టలోకి వెళ్లాననీ, తెల్లని దుస్తుల్లో వారి రాణిని చూశాననీ, అక్కడ రంకెలేసే ఆబోతులను చూసి భయపడ్డాననీ చెప్పింది. విచారణల ఒత్తిడిలో వెలువడినవే అయినా, సామాన్య స్త్రీల నోటి నుంచి వచ్చిన ఫెయిరీ వర్ణనలు ఆ కాలానివి ఇంత వివరంగా మరోచోట దొరకడం కష్టం.

రాబర్ట్ కిర్క్

అబర్‌ఫోయిల్ పాదిరి రాబర్ట్ కిర్క్ (1644–1692) ఫెయిరీలను ఖండించడానికి బదులు వారి గురించి శ్రద్ధగా విచారించాడు. గేలిక్ బాగా తెలిసినవాడు. 1684లో కీర్తనల గ్రంథాన్ని గేలిక్‌లో ప్రచురించాడు. దివ్యదృష్టి ఉందని చెప్పుకునే పల్లెవాసులను అడిగి తెలుసుకున్న సంగతులతో 1691–92లో ‘సీక్రెట్ కామన్‌వెల్త్’ రాశాడు. ఫెయిరీలు మనిషికీ దేవదూతకూ మధ్యస్థులనీ, వారి దేహం గడ్డకట్టిన మేఘం వంటిదనీ, సంధ్యవేళ బాగా కనిపిస్తారనీ అందులో వివరించాడు. కిర్క్ డూన్ కొండ మీద పడి మరణించాడు. ఫెయిరీలే ఎత్తుకుపోయారని ఊళ్లో కథ పుట్టింది. రాతప్రతిగా మిగిలిన ఈ పుస్తకాన్ని 1815లో వాల్టర్ స్కాట్ అచ్చు వేయించాడు. 1893లో ఆండ్రూ లాంగ్ పీఠికతో మళ్లీ వచ్చింది.

కవులు, గాథాగేయాలు

రాబర్ట్ బర్న్స్ 1780ల నుంచి తన కవితల్లో కెల్పీలను, దయ్యాలను హాస్యానికీ భయానికీ కలిపి వాడుకున్నాడు. స్కాట్ 1802–03లో ప్రచురించిన ‘మిన్‌స్ట్రెల్సీ ఆఫ్ ది స్కాటిష్ బోర్డర్’ సరిహద్దు ప్రాంతపు గాథాగేయాలను దేశమంతటికీ పరిచయం చేసింది. ఫెయిరీ రాణి చెరలోని టామ్ లిన్, ఆమె వెంట వెళ్లిన థామస్ కథలు ఇందులో ఉన్నాయి. గొర్రెలకాపరి కవి జేమ్స్ హాగ్ తల్లి మార్గరెట్ లెయిడ్లా స్కాట్‌కు పాటలు వినిపించింది. అవి పాడుకోవడానికే గానీ చదువుకోవడానికి కావనీ, అచ్చు వేసి పాడుచేశావనీ ఆమె అతనితో నిష్ఠూరమాడిందని హాగ్ రాశాడు. మౌఖిక సంప్రదాయం అచ్చులోకి వచ్చేటప్పుడు ఏం పోతుందో ఆమె చెప్పినంత సూటిగా చెప్పినవారు తక్కువ.

ఈ సంకలనంలో స్కాట్‌కు కుడిభుజంగా నిలిచిన జాన్ లైడెన్ (1775–1811) ఫెయిరీల మీది వ్యాసానికి సామగ్రి సమకూర్చాడు. నెత్తుటి టోపీ ధరించే రెడ్‌క్యాప్ గురించీ, కోరీవ్రెకన్ మత్స్యకన్య గురించీ సొంత గేయాలు రాశాడు. అతనే 1803లో వైద్యుడిగా మద్రాసు వచ్చి మైసూరు సర్వేలో పనిచేశాడు. ఆ సర్వేకు నాయకుడు మన ఊళ్ల చరిత్రలైన కైఫియత్తులు సేకరింపజేసిన కాలిన్ మెకంజీ. నీలిమనుషుల జలసంధికి దగ్గరలోని స్టోర్నోవే మెకంజీ జన్మస్థలం.

స్కాట్ 1830లో ‘డీమనాలజీ, మంత్రవిద్యలపై లేఖలు’ రాశాడు. దానికి అనుబంధంగా జార్జ్ క్రుక్‌షాంక్ పన్నెండు హాస్యచిత్రాలు గీశాడు. ఐర్లండ్‌లో క్రాఫ్టన్ క్రోకర్ 1825లో ప్రచురించిన ఫెయిరీ కథల పుస్తకాన్ని మరుసటి ఏడే గ్రిమ్ సోదరులు జర్మన్‌లోకి అనువదించారు.

గేలిక్ కథల సేకరణ

పద్ధతి ప్రకారం సేకరణకు పునాది వేసినవాడు ఐలా దీవికి చెందిన జాన్ ఫ్రాన్సిస్ క్యాంప్‌బెల్ (1821–1885). హెక్టర్ మక్లీన్ అనే బడిపంతులు, జాన్ డ్యూవర్ వంటి సహాయకులతో కలిసి జాలరులు, కూలీలు, సంచారజాతివారు చెప్పిన కథలు రాయించాడు. కథకుడి పేరు, ఊరు, తేదీ నమోదు చేసి, గేలిక్ మూలంతో పాటు ఇంగ్లీషు అనువాదం ఇచ్చాడు. ‘పాపులర్ టేల్స్ ఆఫ్ ది వెస్ట్ హైలండ్స్’ నాలుగు సంపుటాలు 1860–62లో వచ్చాయి. క్యాంప్‌బెల్ స్వయంగా బొమ్మలు గీసేవాడు. 

టైరీ దీవి పాదిరి జాన్ గ్రెగర్సన్ క్యాంప్‌బెల్ సేకరించిన నమ్మకాలు అతని మరణానంతరం 1900, 1902లలో రెండు పుస్తకాలుగా వెలువడ్డాయి. రెండేళ్ల కోడెదూడంత ఎత్తు, ముదురాకుపచ్చ రంగు, జడలా అల్లుకున్న తోక ఉన్న కూ-షీ అనే ఫెయిరీ కుక్క వర్ణన అతనిదే. 1900లోనే ఎక్సైజు ఉద్యోగి అలెగ్జాండర్ కార్మైకేల్ ప్రార్థనలు, మంత్రాలతో ‘కార్మినా గడేలికా’ తొలి రెండు సంపుటాలు ప్రచురించాడు. వాటిలోని ప్రథమాక్షరాలను అతని భార్య మేరీ ప్రాచీన రాతప్రతుల శైలిలో అలంకరించింది.

నకలవీ: మాటతో గీసిన బొమ్మ

ఆర్క్‌నీలోని శాండే దీవి రైతు వాల్టర్ ట్రయిల్ డెనిసన్ (1825–1894) 1890ల తొలినాళ్లలో రాసిన నకలవీ వర్ణన ఈ సాహిత్యంలో శిఖరం. నకలవీ సముద్రపు పిశాచం. కింది భాగం గుర్రం, దాని కాళ్లకు రెక్కల వంటి తోళ్లు. వీపులోంచే మొలిచినట్టు మనిషి మొండెం, నేలకు తగిలే చేతులు, భుజం నుంచి భుజానికి దొర్లే పెద్ద తల. గుర్రానికి నిప్పులాంటి ఒంటికన్ను. ఒంటి మీద చర్మమే లేదు. ఎర్రని మాంసం, పసుపుపచ్చని నరాల్లో పారే నల్లని నెత్తురు బయటికే కనిపిస్తాయి. ఒక వైపు సముద్రం, మరో వైపు మంచినీటి మడుగు ఉన్న దారిలో టామీ అనే మనిషికి ఇది ఎదురైంది. అతని కాలికి తగిలి చిందిన మంచినీళ్లు పడగానే జీవి బెదిరింది. దాని గుట్టు తెలిసిన టామీ పరుగెత్తి వాగు దాటాడు. దాని చేతికి అతని టోపీ మాత్రమే చిక్కింది.

సముద్రపు నాచును కాల్చి బూడిద చేసే పరిశ్రమ ఆర్క్‌నీకి వచ్చాక, ఆ పొగకు కోపించి నకలవీ గుర్రాలకు తెగులు తెచ్చిందని జనం చెప్పుకున్నారు. కొత్త బతుకుతెరువు తెచ్చిన బెదురు పాత పిశాచానికి చుట్టుకున్న తీరు ఇందులో తెలుస్తుంది.

చిత్రకళ

డన్‌ఫర్మ్‌లిన్‌లో పుట్టిన జోసెఫ్ నోయెల్ పేటన్ (1821–1901) విక్టోరియా కాలపు ఫెయిరీ చిత్రకారుల్లో అగ్రగణ్యుడు. షేక్‌స్పియర్ నాటకం ఆధారంగా అతడు గీసిన ‘ఒబెరాన్, టైటానియాల తగవు’ (1849) చిత్రంలో రచయిత లూయిస్ కెరాల్ 165 ఫెయిరీలను లెక్కపెట్టాడు. పిల్లవాణ్ణి ఎత్తుకుపోతున్న ఊరేగింపును చూపే ‘ఫెయిరీ రెయిడ్’ (1867) స్కాటిష్ నమ్మకాలకు మరింత దగ్గర. గేలిక్ కథల్లో ఫెయిరీలకు రెక్కలుండవు. పారదర్శకమైన రెక్కలు రంగస్థలం, చిత్రకళ అతికించినవి.

ఇలాంటి మార్పే కెల్పీకీ జరిగింది. థామస్ మిల్లీ డౌ (1895), హెర్బర్ట్ డ్రేపర్ (1913) గీసిన ‘కెల్పీ’ చిత్రాల్లో గుర్రం మచ్చుకైనా లేదు. నీటి పక్కన ఒక యువతి ఉంటుంది. చూడచక్కని చిత్రాలే గానీ, పిల్లలను నీటి అంచు నుంచి దూరంగా ఉంచిన ఆ భయం వాటిలో లేదు.

డండీకి చెందిన జాన్ డంకన్ (1866–1945) వేరే దారి పట్టాడు. కెల్టిక్ అల్లికలు, పాత లోహశిల్పాల నమూనాలు అధ్యయనం చేసి, 1911లో ‘రైడర్స్ ఆఫ్ ది షీ’ టెంపెరా చిత్రం గీశాడు. అందులో ఫెయిరీలు గంభీరమైన ఆశ్వికులు. డొనాల్డ్ మెకెంజీ 1917లో ప్రచురించిన స్కాటిష్ పురాణకథలకు కూడా డంకనే బొమ్మలు వేశాడు. పిల్లల పుస్తకాల్లో జోసెఫ్ జేకబ్స్ ‘కెల్టిక్ ఫెయిరీ టేల్స్’ (1892)కు జాన్ బాటెన్, ఆండ్రూ లాంగ్ రంగుల ఫెయిరీ పుస్తకాలకు హెచ్. జె. ఫోర్డ్, జార్జ్ డగ్లస్ స్కాటిష్ కథాసంకలనానికి జేమ్స్ టారెన్స్ బొమ్మలు సమకూర్చారు.

ఇరవయ్యో శతాబ్దం, తరవాత

1951లో ఎడింబరా విశ్వవిద్యాలయంలో స్కూల్ ఆఫ్ స్కాటిష్ స్టడీస్ ఏర్పడింది. కాలమ్ మక్లీన్, హేమిష్ హెండర్సన్ టేపు రికార్డరు పట్టుకుని పల్లెలు, సంచారజాతుల గుడారాలు తిరిగారు. దాంతో కథకుడి గొంతు, ఊపిరి, విరామం కూడా దాఖలయ్యాయి. ఆ జాతివారిలో డంకన్ విలియమ్సన్ (1928–2007) సెల్కీ, బ్రౌనీ కథలను పుస్తకాలుగా తెచ్చాడు. కేథరిన్ బ్రిగ్స్ 1976లో ప్రచురించిన ఫెయిరీల నిఘంటువు చెదిరిన సమాచారాన్ని ఒకచోటికి చేర్చింది. 1978లో బ్రయాన్ ఫ్రౌడ్, అలన్ లీ కలిసి గీసిన ‘ఫెయిరీస్’ ఈ జీవుల కరకుదనాన్ని, భయాన్ని బొమ్మల్లోకి తిరిగి తెచ్చింది. తెరెసా బ్రెస్లిన్ రాయగా కేట్ లైపర్ బొమ్మలు గీసిన స్కాటిష్ పురాణజీవుల పుస్తకం 2015లో వచ్చింది.

ఫాల్కర్క్‌లో శిల్పి ఆండీ స్కాట్ ఉక్కుతో నిలబెట్టిన ‘ది కెల్పీస్’ 2014లో ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. 30 మీటర్ల ఎత్తున్న ఈ రెండు గుర్రపు తలలకు క్లైడ్స్‌డేల్ జాతి గుర్రాలు నమూనా. కాలువ పడవలను లాగిన పనిగుర్రాలకు ఇవి నివాళి. మనుషులను ముంచిన జీవి పేరు శ్రమకు గుర్తుగా మారింది.

అంచనా

ఈ సంప్రదాయంలో కాలానికి నిలిచినవి కథకుల మాట శ్రద్ధగా విన్న రచనలు, చిత్రాలే. అందం కోసం గుర్తులు వదులుకున్నచోట జీవి పేరు మిగిలి, స్వభావం పోయింది. జుట్టులోని ఇసుక, చర్మం లేని ఒళ్లు, గిన్నెలోని మీగడ వంటి వివరాలే ఈ జీవులకు ప్రాణం. వాటిని కొత్తగా గీయదలచినవారు, తెలుగులోకి తేదలచినవారు పాత చిత్రాలను అనుకరించే ముందు జాన్ ఫ్రాన్సిస్ క్యాంప్‌బెల్, డెనిసన్‌ల మూలరచనలు చదవాలి. గేలిక్, స్కాట్స్ కథకుల అసలు గొంతులు వేల సంఖ్యలో ‘టోబర్ ఆన్ డ్యూఅల్‌కిష్’ వెబ్‌సైటులో 2010 నుంచి ఉచితంగా వినవచ్చు.